మట్టి, మొక్క, మందు కలిపి చదవాలి

ఉద్దానం అనే మాట ఉద్యానవనం నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. శ్రీకాకుళం జిల్లాలో పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా సాగే ఆ తీరానికి అంతకంటే తగిన పేరు లేదు. ఒక పక్క తూర్పు కనుమలు, మరో పక్క బంగాళాఖాతం. నడుమ కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి, మునగ. ఇసుక నేలలో ఇంత పచ్చదనాన్ని నిలబెట్టింది అక్కడి రైతుల చెమటే. చూసినవారు కోనసీమను తలచుకోకుండా ఉండలేరు.

చెట్టూ గాలీ బాగుంటే మనిషి బాగుంటాడని మనమంతా నమ్ముతాం. ఉద్దానం ఆ నమ్మకాన్నే ప్రశ్నిస్తోంది. తోటలు పచ్చగా ఉన్నాయి, తోటమాలి మాత్రం మంచాన పడ్డాడు. ఎందుకిలా జరిగింది? ఈ ప్రశ్నకు సమాధానం వైద్యుడి గదిలో ఒక్కచోటే దొరకదని, నీటిని, తోటను, కూలిపనిని, మన ఇళ్లలోని మూలికను కలిపి పరిశీలించినప్పుడే దొరుకుతుందని మేము భావిస్తున్నాం.

నిశ్శబ్దంగా వచ్చే జబ్బు

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ ఏడు మండలాల పేర్లు నేడు మూత్రపిండాల జబ్బు గురించి చదివేవారికి ప్రపంచమంతటా తెలుసు. 1990ల నుంచే అక్కడి వైద్యులు ఈ జబ్బును గమనిస్తూ వచ్చారు. చాలామంది రోగులకు మధుమేహం లేదు, మొదట్లో రక్తపోటు కూడా లేదు. పొలం పని చేసుకునే మనిషి నెమ్మదిగా నీరసపడతాడు. ఆకలి మందగిస్తుంది. కాళ్లు వాచాక ఆస్పత్రికి వెళితే, రెండు మూత్రపిండాలూ అప్పటికే దెబ్బతిన్నాయన్న మాట వినవలసి వస్తుంది.

2019, 2020 సంవత్సరాల్లో ఉద్దానం మీద రెండు పెద్ద పరిశీలనలు అంతర్జాతీయ వైద్య పత్రికలో వెలువడ్డాయి. పరీక్షించిన పెద్దవాళ్లలో సుమారు ఐదుగురికి ఒకరు చొప్పున మూత్రపిండాల జబ్బుతో ఉన్నట్లు అవి చూపాయి. చాలామందిలో తెలిసిన కారణమేదీ కనబడలేదు. ఇంకో చిక్కు ఉంది. మామూలుగా మూత్రపిండం చెడితే మూత్రంలో ప్రొటీన్ పోతుంది, చిన్న పరీక్షతో బయటపడుతుంది. ఉద్దానం రోగుల్లో చాలామందికి అది కూడా పెద్దగా పోదు. రక్తంలో క్రియాటినిన్ చూస్తే తప్ప జబ్బు దొరకదు.

ఒకప్పుడు రక్తశుద్ధి కోసం, అంటే డయాలసిస్ కోసం, ఈ రోగులు విశాఖపట్నం దాకా వెళ్లేవారు. వారానికి రెండు మూడుసార్లు అంత దూరం వెళ్లి రావడమంటే కూలి పోవడం, తోడు వచ్చేవారి కూలి పోవడం, చివరికి తోట అమ్ముకోవడం. తర్వాత టెక్కలి, పలాస, సోంపేటల్లో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రానికి, 200 పడకల ఆస్పత్రికి 2019 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. 2023 డిసెంబర్ 14న అవి ప్రారంభమయ్యాయి. అదే రోజున హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని శుద్ధి చేసి ఉద్దానంలోని 807 గ్రామాలకు గొట్టాల ద్వారా అందించే పథకాన్ని కూడా ప్రారంభించారు. దాని అంచనా వ్యయం 700 కోట్ల రూపాయలు. ఇవన్నీ ఆహ్వానించదగినవే. కాని జబ్బుకు కారణం తేలనంతవరకు ఇవి గాయానికి కట్టిన కట్టు వంటివి. గాయం ఎందుకు అవుతోందో తెలియాలి కదా!

నీరొక్కటేనా?

ఉద్దానంలో ఎవరిని అడిగినా నీటినే తప్పుపడతారు. అది సహజమే. నీటిలో సిలికా గురించి, భారలోహాల గురించి, ఫ్లోరైడ్ గురించి పరీక్షలు జరిగాయి. ఇదే నేరస్థురాలు అని అందరూ ఒప్పుకునే ఒక్క పదార్థం మాత్రం బయటపడలేదు. ఎరువులు, పురుగుమందులు, నొప్పుల మాత్రలు, ఎండలో చేసే కష్టం, వంశపారంపర్యం... అనుమానితుల జాబితా పెద్దది. ఒకటి కాక రెండు మూడు కలిసి ఈ పని చేస్తున్నాయేమోనని కూడా పరిశోధకులు అంటున్నారు.

ఈ కష్టం మనకొక్కరికే రాలేదు. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల్లో చెరకు నరికే యువకులు ఇలాంటి జబ్బుతోనే వేల సంఖ్యలో మరణించారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు 1990ల నుంచి ఇదే బాధ. ఈ మూడు చోట్లా నేల వేరు, నీరు వేరు, పంట వేరు. కలిసేది ఒకటే. మండుటెండలో, చాలినన్ని నీళ్లు తాగకుండా, విశ్రాంతి లేకుండా చేసే శరీరకష్టం. మధ్య అమెరికా చెరకు తోటల్లో కూలీలకు నీళ్లు, నీడ, నిర్ణీత వేళల్లో విశ్రాంతి కల్పించి చూశారు. విశ్రాంతి పెంచినచోట మూత్రపిండాలకు తగిలే దెబ్బ తగ్గినట్లు తేలింది.

ఈ మాట విన్నప్పుడు పలాస జీడిపప్పు కర్మాగారాలు గుర్తుకు రావాలి. కాల్చే బట్టీల సెగ దగ్గర పనిచేసేవారు, పిక్కలు ఒలుస్తూ చేతులకు జీడినూనె అంటి బొబ్బలెక్కించుకునే మహిళలు గుర్తుకు రావాలి. టెక్కలి పరిసరాల్లో గ్రానైట్ క్వారీల రాతి సెగలో పనిచేసే కూలీలు గుర్తుకు రావాలి. వారికి గంటకొకసారి చల్లని నీళ్లు, కాసేపు నీడ ఇవ్వడానికి ఏ పరిశోధన ఫలితం కోసమూ ఎదురుచూడనక్కరలేదు. కార్మికుడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలని మనం జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. ఆ చెమటతోపాటు పోయిన నీటిని తిరిగి ఇవ్వడం కూడా యజమాని బాధ్యతే.

నీటి విషయంలోనూ ఒక మంచి అవకాశం ఇప్పుడు మన చేతిలో ఉంది. వంశధార నీరు వచ్చిన ఊళ్లలో కొత్తగా జబ్బు పడేవారి సంఖ్య ఏళ్ల తరబడి తగ్గితే, తప్పు పాత నీటిదేనని అనుకోవచ్చు. తగ్గకపోతే మరోచోట వెతకాలి. ఏ ఊరికి నీరు ఎప్పుడు వచ్చింది, ఎవరు ఆ నీరే తాగుతున్నారు, ఎవరు ఇంకా పాత బావి నీరే తాగుతున్నారు అన్నది ఊరూరా లెక్క రాసిపెట్టాలి. ఆ లెక్క లేకపోతే ఇంత పెద్ద పథకం దాహమైతే తీరుస్తుంది గాని, ప్రశ్నకు జవాబు చెప్పదు.

తోట బాగుంటేనే...

ఉద్యాన శాస్త్రానికీ మూత్రపిండానికీ సంబంధమేమిటని కొందరు అడగవచ్చు. చాలా ఉంది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. అంతకు అయిదేళ్ల ముందు, 2013 అక్టోబర్ 12న, గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన ఫైలిన్ కూడా ఉద్దానాన్ని వదిలిపెట్టలేదు. తిత్లీ దెబ్బకు లక్షలాది కొబ్బరి, జీడిమామిడి చెట్లు నేలకూలాయి. పొడవు రకం కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. అంటే తాత నాటిన చెట్టు పోతే మనవడి చదువు ఆగిపోతుంది. సొంత తోటలో నీడపట్టున పనిచేసుకునేవాడు ఎండలో పరాయి కూలికి, లేదంటే దూరదేశపు వలసకు పోతాడు. చెట్టు నీడ కూడా ఆరోగ్య సాధనమేనని ఈ కోణం నుంచి చూస్తే అర్థమవుతుంది. గాలికి తట్టుకునే రకాలేవి, త్వరగా కాపుకొచ్చే అంట్లేవి, కొబ్బరి మధ్య వేయదగిన అంతరపంటలేవి అన్న పరిశోధన రైతు ఆదాయానికి ఎంత అవసరమో అతడి ఒంటికీ అంతే అవసరం.

పురుగుమందుల సంగతి మరీ ముఖ్యం. ఇందులో కేరళలోని కాసరగోడ్ మనకు పెద్ద గుణపాఠం. అక్కడి జీడితోటల మీద 1970ల చివరి నుంచి 2000 సంవత్సరం దాకా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. తోటల చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలు అంగవైకల్యంతో, నరాల జబ్బులతో పుట్టడం చూసి ప్రజలు ఉద్యమించారు. చివరికి 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతటా నిలిపివేసింది. జీడిపప్పును కాపాడబోయి బిడ్డలను పోగొట్టుకున్న కథ అది. ఉద్దానం తోటల్లో ఏ మందు, ఎప్పుడు, ఎంత కొడుతున్నారో, కొట్టేవాడి ముక్కుకు గుడ్డయినా ఉందో లేదో రాసిపెట్టే పుస్తకం ఒకటి ఉండాలని కోరడం అత్యాశ కాదు.

మందు కొట్టకుండా పంట దక్కదా అంటే, దక్కే దారులు ఉన్నాయి. కొబ్బరి ఆకుల అడుగున తెల్లగా చుట్టలు చుట్టే సర్పిలాకార తెల్లదోమ ఇటీవలి కాలంలో మన రాష్ట్రంలోని తోటలను పీడించింది. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం ఆ పురుగును చంపే ఒక శిలీంధ్రాన్ని పెంచి రైతులకు ఇచ్చింది. ఆకుతేలు పురుగు మీదకు మిత్రకీటకాలను వదిలే పద్ధతి కూడా అక్కడిదే. ఇటువంటి ప్రయోగశాలలు ఉద్దానానికి అందుబాటులో ఉంటే విషం వాడకం తగ్గుతుంది, రైతు ఖర్చు తగ్గుతుంది, బావిలోకి దిగే మందూ తగ్గుతుంది. పర్యావరణం, ఉద్యానం, ఆరోగ్యం మూడు వేర్వేరు శాఖలు కావచ్చు గాని ఊళ్లో అవన్నీ ఒకే బావి దగ్గర కలుసుకుంటాయి.

వేరులో మందు, వేరులోనే విషం

ఇక సంప్రదాయ వైద్యం. ఇంగ్లిషు మందు వేడి చేస్తుందని, చెట్టుమందు ఏమీ చేయదని మన ఇళ్లలో గట్టి నమ్మకం. ఈ నమ్మకంలో సగం ప్రమాదం ఉంది.

1990ల తొలినాళ్లలో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికల గుళికలు వాడిన మహిళల్లో మూత్రపిండాలు వరుసగా చెడిపోయాయి. ఒక మూలికకు బదులు మరో మూలిక కలిసిపోయిందని, ఆ రెండో మొక్కలో అరిస్టలోకిక్ ఆమ్లం అనే విషం ఉందని తర్వాత బయటపడింది. దశాబ్దాలుగా డాన్యూబ్ ఉపనదుల వెంబడి సెర్బియా, బోస్నియా, క్రొయేషియా, బల్గేరియా, రుమేనియా రైతులను పీడిస్తున్న అంతుచిక్కని మూత్రపిండాల జబ్బుకు కూడా అదే మూలమని ఆ తర్వాతి పరిశోధనలు చూపాయి. గోధుమ చేలో కలుపుగా పెరిగిన మొక్క గింజలు పిండిలో కలిసి రొట్టెలోకి చేరాయి. నీళ్లను, నేలను ఎన్నో ఏళ్లు వెతికిన తర్వాత దోషి కలుపుమొక్క అని తేలింది! వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు, రసాయనశాస్త్రజ్ఞుడు కలిసి కూర్చోకపోతే ఆ ముడి విడేది కాదు.

ఆ కుటుంబానికి చెందిన మొక్కలు మన దగ్గరా ఉన్నాయి. ఈశ్వరి వేరు, గాడిదగడప ఆకు అటువంటివే. యునానీలో జరావంద్ పేరుతో వాడేదీ ఈ కుటుంబపు మొక్కే. ఉద్దానం జబ్బుకు ఇవే కారణమని మేము అనడం లేదు, అలాగని ఎవరూ రుజువు చేయలేదు. కాని మూత్రపిండం చెడినవాడికి తెలియని వేరు నూరి పోయడం ఎంత ప్రమాదమో గ్రహించాలి. కుష్తాలు, భస్మాల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. 2008లో అమెరికాలో ఇంటర్నెట్ ద్వారా అమ్ముతున్న 193 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే దాదాపు ఐదో వంతు మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది.

మంచి ఆహారం కూడా వేళ తప్పితే చేటు చేస్తుంది. కొబ్బరి నీళ్లు ఎండన పడి వచ్చినవాడికి అమృతం. మూత్రపిండాలు బాగా చెడిపోయినవాడికి మాత్రం అందులోని పొటాషియం గుండె ఆగిపోయేంత ప్రమాదం తేవచ్చు. కొబ్బరి సీమలో ఈ మాట చెప్పడం కష్టమే, కాని చెప్పక తప్పదు. కమరాక్ష పండు మూత్రపిండ రోగికి విషంతో సమానం. పల్లేరు, గలిజేరు మూత్రం జారీ చేస్తాయని పేరున్నా, రోగి తనంతట తాను కషాయం పెట్టుకోకుండా డాక్టరును అడగాలి.

మన పెద్దలు చూపిన దారి

అయితే సంప్రదాయ వైద్యాన్ని మూటగట్టి అవతల పారేయాలా? అక్కరలేదు. పరీక్షకు నిలబెట్టాలి. ఆ దారి చూపినవారు మన పెద్దలే.

12వ శతాబ్దంలో సెవిల్ నగరానికి చెందిన ఇబ్న్ అల్ అవ్వాం వ్యవసాయం మీద రాసిన మహాగ్రంథంలో వందలాది మొక్కల పెంపకాన్ని, నేలల గుణాలను, చెట్ల తెగుళ్లను వివరించాడు. 1248లో డమాస్కస్‌లో కన్నుమూసిన ఇబ్న్ అల్ బైతార్ స్పెయిన్ నుంచి సిరియా దాకా తిరిగి మొక్కలు సేకరించి, సుమారు 1,400 ఔషధాలను గ్రంథస్థం చేశాడు. ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథంలో మందును పరీక్షించే నియమాలు పెట్టాడు. మందులో వేరే పదార్థం కలవకూడదు, గుణం ఒక్కసారి కాక పదేపదే కనిపించాలి, జంతువు మీద పనిచేసినంత మాత్రాన మనిషి మీద పనిచేస్తుందని అనుకోరాదు అన్నాడు. వెయ్యేళ్ల కిందటి మాటలివి.

మన దేశంలోనే హకీం అజ్మల్ ఖాన్ ఉదాహరణ ఉంది. ఢిల్లీ తిబ్బియా కళాశాలను నిలబెట్టిన ఆయన యునానీని గుడ్డిగా సమర్థించలేదు. జర్మనీలో చదివివచ్చిన యువ రసాయనశాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దీఖీని పిలిచి సర్పగంధి వేరును పరిశోధించమన్నారు. 1931లో సిద్దీఖీ ఆ వేరు నుంచి వేరుచేసిన పదార్థానికి గురువుగారి పేరిట అజ్మలిన్ అని పేరు పెట్టారు. గుండె లయకు సంబంధించిన వైద్యంలో దానికి చోటు దొరికింది. అదే వేరు నుంచి తర్వాత రక్తపోటు మందు రెసర్పిన్ వచ్చింది. హకీం చేతిలోని వేరు ప్రయోగశాల చేతికి వెళ్లినప్పుడు ఇద్దరి గౌరవమూ పెరిగింది.

విశ్వవిద్యాలయాలు చేయవలసింది

మన రాష్ట్రంలో దీనికి కావలసిన సంస్థలన్నీ ఉన్నాయి. వెంకట్రామన్నగూడెంలో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. దాని కింద బాపట్లలో జీడిమామిడి పరిశోధన కేంద్రం ఉంది. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, విజయవాడలో ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాల ఉన్నాయి. పలాసలో పరిశోధన కేంద్రం వెలసింది. కావలసినదల్లా వీరంతా ఒక్క చాప మీద కూర్చోవడం.

మా విన్నపాలు నాలుగు. మొదటిది, ఒకే కుటుంబాలను కనీసం పదేళ్లపాటు గమనించాలి. వారు తాగే నీరు, తినే తిండి, చేసే పని, కొట్టే పురుగుమందు, వేసుకునే మాత్ర, నూరుకునే మూలిక అన్నీ ఒకే పుస్తకంలో రాయాలి. రెండోది, ఉద్దానంలో వాడుకలో ఉన్న మూలికలన్నిటినీ సేకరించి, వృక్షశాస్త్రం ప్రకారం పేరు గుర్తించి, మూత్రపిండానికి మేలు చేసేవేవో కీడు చేసేవేవో పరీక్షించాలి. ఈ పనిలో ఊరి నాటువైద్యులను దోషులుగా నిలబెట్టకుండా సాక్షులుగా పిలవాలి. మూడోది, విషం అక్కరలేని తోట సాగుకు ఉద్దానంలోనే ప్రదర్శన క్షేత్రాలు పెట్టాలి. నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. రక్తం ఇచ్చిన మనిషికి ఫలితం చెప్పాలి, అదీ తెలుగులో, అతని ఊళ్లో. ఎందరో వచ్చి సీసాలు నింపుకుపోయారు గాని ఏం తేలిందో ఎవరూ చెప్పలేదన్న బాధ ఆ ఊళ్లలో ఉంది. పేదవాడి రక్తనమూనా పరిశోధకుడి దగ్గర ఉంచిన అమానత్. అమానత్‌కు జవాబు చెప్పవలసి ఉంటుంది.

మన ఇళ్లలో మన పని

ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు కదిలేలోగా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లాలో ముస్లిం కుటుంబాలు కొద్ది. అయినా పలాసలో, టెక్కలిలో, ఇచ్ఛాపురంలో చిన్న వ్యాపారాలు, కూలిపనులు చేసుకుంటూ అందరితోపాటు ఆ నీరే తాగుతున్నారు, ఆ ఎండలోనే తిరుగుతున్నారు. ఆ జిల్లా కాకపోయినా ఈ జాగ్రత్తలు ఎక్కడివారికైనా పనికొస్తాయి.

ఒళ్లునొప్పులకు కొట్టులో దొరికే మాత్రలను రోజూ మింగే అలవాటు మానుకోవాలి. మూత్రపిండానికి వాటిలో చాలా మటుకు శత్రువులు. ఎండలో పనిచేసేవారు దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగాలి. ఏడాదికొకసారి రక్తపోటు, క్రియాటినిన్ చూపించుకోవాలి. ఇంట్లో ఒకరికి జబ్బు ఉంటే మిగతా అందరూ చూపించుకోవాలి. హకీం సాహెబ్ దగ్గరికి వెళ్లినా డాక్టర్ దగ్గరికి వెళ్లినా, ఒకరిచ్చిన మందు రెండోవారికి దాచకుండా చెప్పాలి. పేరు చెప్పని మందును పుచ్చుకోకూడదు.

రంజాన్ మాసం వచ్చినప్పుడు మూత్రపిండాల జబ్బున్నవారు ముందుగా వైద్యుణ్ణి, ఆపై ఆలిమ్‌ను సంప్రదించాలి. రోగికి ఉపవాసం నుంచి వెసులుబాటు ఇచ్చింది ధర్మమే. ఆ వెసులుబాటును కాదని ప్రాణం మీదకు తెచ్చుకోవడం భక్తి అనిపించుకోదు. మస్జిద్ కమిటీలు జుమా రోజున నమాజ్ తర్వాత ఒక గంట రక్తపరీక్షల శిబిరానికి చోటిస్తే, అందులో ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ సోదరులను కూడా ఆహ్వానిస్తే, అంతకంటే మంచి పొరుగుధర్మం లేదు. జబ్బు మతం అడిగి రాదు. మందు కూడా మతం అడిగి పనిచేయదు.

పెరట్లో చోటున్నవారు నాలుగు కూరగాయల మొక్కలు, ఒక మునగ, ఒక కరివేపాకు పెంచుకోవాలి. మందు కొట్టని ఆకుకూర మార్కెట్లో వెతికితే దొరకదు, ఇంట్లో పెంచితేనే దొరుకుతుంది. పిల్లల చేత ఒక చెట్టయినా నాటించాలి. ఆ చెట్టు నీడ ఏదో ఒకనాడు ఎండన పడి వచ్చిన కూలీకి పనికొస్తుంది.

ఉద్దానం రైతు ఎన్ని తుపానులొచ్చినా మళ్లీ మొక్క నాటాడు. ఆ ఓపికలో సగమైనా మన విద్యాలయాలకు ఉంటే ఈ జబ్బు గుట్టు తప్పక విడుతుంది. తోటను, నీటిని, మందును ముగ్గురు పండితులు మూడు గదుల్లో చదివినంతకాలం రోగి నాలుగో గదిలో డయాలసిస్ యంత్రం పక్కనే ఉంటాడు. ఆ గోడలు తీసేయండని విజ్ఞులను మేము కోరుతున్నాం.